ఈగల గదిలోని మనుష్యులు

మన తెలుగు ఇండ్లలో రెండు సామెతలు తరతరములుగా వినవచ్చుచున్నవి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఒకటి. మొక్కై వంగనిది మానై వంగునా అని మరియొకటి. మొదటిది జన్మమునకు పట్టము కట్టుచున్నది; రెండవది పెంపకమునకు పట్టము కట్టుచున్నది. పిల్లవాడు పలక పగులగొట్టి మొండికెత్తినప్పుడు "అచ్చముగా వాళ్ల తాతగారి బుద్ధే" అని నిట్టూర్చు అమ్మమ్మయే, వాడు పదిమందిలో వినయముగా నడచుకొన్ననాడు "అంతా మా అమ్మాయి పెంపకము" అని మురిసిపోవుట మీరందరును చూచియే యుందురు. ఆమె చెప్పిన రెండు మాటలును నిజమే కావచ్చును. అయితే ఏది ఎంతవరకు నిజము?

వాదములతో తేలని ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టి తేల్చుకొందమని పూనుకొన్న విద్యకు ప్రవర్తనా జన్యుశాస్త్రమని పేరు. ప్రాణి నడవడిలో తల్లిదండ్రులనుండి సంక్రమించునది ఏమి, అది ఏ త్రోవన సంక్రమించును, సంక్రమించి శరీరములో ఎచ్చట పనిచేయును అని ఆ శాస్త్రము విచారించును. నేడు మీకు ఆ శాస్త్రమును పాఠముగా చెప్పవలెనని నేను రాలేదు. ఆ శాస్త్రమును తమ కన్నులతో, తమ చేతులతో, తమ నిద్రలేని రాత్రులతో నిర్మించిన ఒక ప్రయోగశాలలోని మనుష్యులను మీకు పరిచయము చేయదలచి వచ్చినాను. వారి కథ విన్న పిమ్మట ఒక్క మాట మీ మనస్సున నిలిచినచో నాకు చాలును. ఈ శాస్త్రమునకు మూలధనము ఓర్పుతో చూచు కన్ను. ఈ మాటనే నడుమ నడుమ మరల మీకు జ్ఞాపకము చేయుదును.

అమెరికా దేశపు పశ్చిమ తీరమున, లాస్ ఏంజిలెస్ నగరమునకు చేరువలో, పాసడీనా అను పట్టణము కలదు. అచ్చటి కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని అందరును కాల్‌టెక్ అని పిలుతురు. 1967లో ఆ విశ్వవిద్యాలయమునకు సీమోర్ బెంజర్ అను ఆచార్యులు వచ్చి చేరినారు. బెంజర్ న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ ప్రాంతమున 1921లో జన్మించినవారు. పోలెండునుండి వలస వచ్చిన యూదు దంపతుల బిడ్డ. చదివినది భౌతికశాస్త్రము. తొలుత ఆయన జెర్మేనియమను అర్ధవాహకముతో పనిచేసినారు. శ్రోడింగర్ అను మహా భౌతికశాస్త్రజ్ఞుడు జీవమును గూర్చి వ్రాసిన చిన్న పుస్తకము చదివి, మనస్సు అటు మరలి, జీవశాస్త్రములోనికి వచ్చినారు. వచ్చి, సూక్ష్మజీవులను కబళించు వైరసులతో, జన్యువు లోపలి సూక్ష్మ నిర్మాణమును విప్పి చూపి లోకప్రఖ్యాతి గడించినారు.

అంతటి కీర్తి గడించిన మనిషి అదే బాటలో సుఖముగా సాగిపోవచ్చును గదా! ఆయన అట్లు చేయలేదు. ఆయనకు ఇద్దరు కుమార్తెలు. ఒకే ఇంట, ఒకే తల్లిదండ్రుల చేతులలో పెరుగుచున్న ఆ పిల్లలు స్వభావమున ఒకరినొకరు పోలకపోవుట ఆయనను ఆలోచనలో పడవేసినది. ఇంచుమించు మన అమ్మమ్మల ప్రశ్నయే ఆయన ప్రశ్నయు. ఆ ప్రశ్నను పట్టుకొని, నలుబది యేండ్లు దాటిన వయస్సున, ఆయన మరల విద్యార్థి యైనారు. వైరసులను విడిచి ఈగలను చేపట్టినారు.

ఏ ఈగలు? మగ్గిన అరటిపండ్ల గెల చుట్టు మీ వంటయింటిలో ముసరుచుండు చిన్న ఈగలు. శాస్త్రజ్ఞులు వానిని డ్రోసోఫిలా అందురు. గుడ్డు పెద్ద ఈగ యగుటకు సుమారు పది దినములు చాలును. కావున మనుష్యులలో మూడు తరములు చూడవలెనన్న ఒక జీవితకాలము గడచిపోవునుగాని, ఈ ఈగలలో ఒక నెల చాలును. థామస్ హంట్ మోర్గన్ అను మహనీయుడు 1910లో కొలంబియా విశ్వవిద్యాలయపు చిన్న గదిలో, ఎర్రకన్నుల ఈగల నడుమ ఒక తెల్లకన్నుల ఈగను చూచి, దాని వెంటబడి, జన్యువులు క్రోమోజోములపై నుండునని నిరూపించినాడు. ఆ మోర్గనే పిదప 1928లో కాల్‌టెక్‌కు వచ్చి జీవశాస్త్ర విభాగమును నెలకొల్పినాడు. బెంజర్ వచ్చునప్పటికి అచ్చట ఈగల విద్య అప్పటికే వంశపారంపర్యముగా వర్ధిల్లుచున్నది. మోర్గన్ చూచినది కన్నుల రంగు. బెంజర్ చూడదలచినది నడవడి. నడవడి ఒక్క జన్యువుతో ముడిపడునంత సులభమైన వస్తువా, అది అనేక కారణముల కలగలుపు గదా అని ఆ కాలమున పలువురు పండితులు సందేహించిరి. సందేహము న్యాయమైనదే. దానికి సమాధానము చూచి చెప్పవలసినదే గాని వేరు మార్గము లేదు.

ఇప్పుడు మిమ్ములను ఆ గదిలోనికి తీసికొనిపోయెదను. ఈగల ప్రయోగశాలలో అడుగిడినంతనే ముందుగా పలుకరించునది వాసన. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు, అగరు కలిపి ఉడికించిన జావ అడుగున పోసి, దూదితో మూతి బిగించిన సీసాలు బల్లలనిండ వరుసలు దీరి యుండును. ఆ జావ వండువారు ఒకరు. సీసాలు కడుగువారు ఒకరు. ముసలి సీసాలోని ఈగలను క్రొత్త సీసాలోనికి మార్చువారు మరియొకరు. ఈగల వంశమును విత్తనములను దాచినట్లు గాదెలో దాచుటకు ఆనాడు వీలులేదు. అది ఎల్లప్పుడును బ్రతికియే యుండవలెను. బ్రతికియుండవలెనన్న కొన్ని వారములకొకసారి ఎవరో ఒకరు దానిని క్రొత్త మేతకు మార్చుచునే యుండవలెను. పండుగ వచ్చినను మార్చవలెను. జ్వరము వచ్చినను ఎవరిచేతనైన మార్పింపవలెను. ఒక్కసారి ఏమరినచో ఆ వంశము నశించును. దానితో ఒకరి అనేక సంవత్సరముల శ్రమయు నశించును.

బల్లవద్ద కూర్చున్న విద్యార్థిని చూడుడు. సీసాలోని ఈగలకు ఈథరు ఆవిరి చూపి మైకము కలిగించి, తెల్లని పలకపై కుమ్మరించి, సూక్ష్మదర్శిని క్రింద, చిత్రకారుల సన్నని కుంచెకొసతో వానిని ఒక్కటొక్కటిగా ఇటునటు త్రోయుచు ఆడ యేదో మగ యేదో వేరుచేయుచున్నాడు. ఆడ ఈగ పుట్టిన తొలి కొన్ని గంటలు మగదానితో జతకట్టదు. ఆ గంటలు మించకమున్నే దానిని వేరుచేసినగాని మనము కోరిన జతతో దానిని కలుపుట సాధ్యము కాదు. కాబట్టి ఆ విద్యార్థి ప్రొద్దున వచ్చి వేరుచేయును, సాయంకాలము వచ్చి మరల వేరుచేయును. ఈగలకు ఆదివారము లేదు గనుక అతనికిని ఆదివారము లేదు. బెంజర్ స్వయముగా రాత్రి మనిషి; ఊరు నిద్రించువేళ ఆయన పని ముమ్మరమగుచుండెడిది. ఆ గదిలో దీపము ఆరుట అరుదు.

ఇక ఆయన వేసిన మొదటి ప్రశ్న వినుడు. ఈగకు వెలుతురు ప్రీతి. కంగారుపడిన ఈగ వెలుతురువైపు పరుగిడును. పరుగిడని ఈగ ఏదైన కలదా? దీనికై ఆయన గాజు గొట్టములను రెండు వరుసలుగా ఒకదాని మూతికొకటి ఎదురుగా అమర్చినారు. మొదటి గొట్టములో ఈగలను వేసి, తట్టి అడుగునకు దింపి, పరుండబెట్టి, ఎదుటి చివర దీపము వెలిగించినారు. వెలుతురును మెచ్చినవి ఎదుటి గొట్టములోనికి పోయినవి. మెచ్చనివి అచ్చటనే నిలిచినవి. అంతట ఒక వరుసను ఒక్క మెట్టు జరిపి, మరల తట్టి, మరల దీపము చూపినారు. ఇట్లు మరల మరల చేయగా, ప్రతిసారియు వెలుతురునకు పోయినవి ఆ చివర గొట్టములో తేలినవి. ఒక్కసారియు పోనివి ఈ చివర గొట్టములో మిగిలినవి. చూడ నెంత సామాన్యమైన పనిముట్టు! ఏ బడిలోనైన పిల్లలు కట్టుకొనదగినది. అయినను ఈగల గుంపును వాని నడవడిని బట్టి జల్లెడపట్టు విధానము దానితో చేతికి చిక్కినది. 1967లో ఆయన దానిని ప్రకటించినారు.

ఈ పనిలోని యుక్తి ఏమనగా: తండ్రి ఈగలకు చక్కెర నీటిలో ఒక రసాయనము కలిపి త్రాగింతురు. దానివలన వాని బీజములలో అక్కడక్కడ ఒక జన్యువు చెడును. ఏది చెడునో ముందుగా ఎవరును ఎరుగరు. వాని సంతానమును జల్లెడపట్టి, నడవడి తప్పిన బిడ్డను పట్టుకొందురు. కచేరి సాగుచుండగా మృదంగము హఠాత్తుగా ఆగిపోయినప్పుడే గదా అంతవరకు అది చేసిన పని యేమో సభకు తెలియును! ఒక్క జన్యువు మూగవోయినప్పుడే అది ఏ పని నడిపెనో శాస్త్రజ్ఞునకు తెలియును. కావున ఈ గదిలోనివారు వెదకునది చెడిన ఈగను. తెలిసికొనునది మంచి ఈగను గూర్చి.

ఈ కీలకము తెలిసిన పిదప నలుదెసలనుండి యువకులు ఆ గదికి వచ్చి చేరినారు. జపానునుండి యోషికి హొట్టా వచ్చినాడు. ఇశ్రాయేలునుండి యాదిన్ దుదై వచ్చినాడు. తైవానునుండి యూహ్ నుంగ్ జాన్, లిలీ జాన్ అను దంపతులు వచ్చినారు. వారిరువురును భౌతికశాస్త్రము చదువవచ్చి ఈగల వైపు మరలినవారే. మన దేశమునుండి ఒబైద్ సిద్దిఖీ వెళ్లినారు. ఆయనను గూర్చి కొంత ఆగి చెప్పెదను.

హొట్టా చేసిన పని ఒకటి చెప్పెదను; చెవితో వినుచునే కంటితో చూడవచ్చును. వెలుతురును గుర్తింపని ఒక ఈగ వంశము దొరికినది. లోపము ఎచ్చట నున్నది? కంటిలోనా, మెదడులోనా? దీనిని తేల్చుటకు సగము దేహము మామూలుదియు సగము దేహము లోపముగలదియు నగు మిశ్రమ ఈగలను పుట్టించినారు. వానిలో ఒక కన్ను చూచునట్టిదియు ఒక కన్ను చూడనట్టిదియు నగు ఈగను నిలువుగొట్టములో విడిచి పైన దీపము పెట్టినారు. మామూలు ఈగ తిన్నగా పైకి ప్రాకును. ఈ ఈగ మాత్రము, వెలుతురు రెండు కన్నులకును సరిసమానముగా తగులునట్లు చేసికొనవలెనని, తన గ్రుడ్డికంటిని దీపమువైపు త్రిప్పుచు, త్రిప్పుచు, గొట్టములో మరమేకు చుట్టువలె చుట్టి చుట్టి పైకి పోయినది! దీపము తీసివేసి చీకటి చేయగా తిన్నగా ఎక్కినది. కాళ్లలో లోపము లేదు, లోపము కంటిలోనే యున్నదని తేలినది. ఎంత చిన్న ప్రాణి! ఎంత స్పష్టమైన ప్రత్యుత్తరము! ఓర్పుతో చూచు కన్నునకు ప్రకృతి ఇట్లు బదులు చెప్పును.

ఇప్పుడు రోనాల్డ్ కొనోప్కా కథ. అతడు అప్పటికి ఇరువదుల వయస్సులోని విద్యార్థి. ఈగ తన గూడునుండి వెలువడు వేళ సాధారణముగా ప్రాతఃకాలము. గాలి చల్లగా, చెమ్మగా నుండగా, మెత్తని క్రొత్త రెక్కలతో బయటికి వచ్చును. ఆశ్చర్యమేమనగా, వానిని ఎడతెగని చీకటిలో నుంచినను ఆ వేళ తప్పదు. దాని దేహములో ఒక గడియారము ఉన్నదన్నమాట. ఆ గడియారమును నడుపు జన్యువు ఒకటి యుండునా? ఉండుననుకొన్నవారు అరుదు. కొనోప్కా తర్కించుచు కూర్చుండలేదు. రసాయనము త్రావిన ఈగల సంతానమును సీసా తరువాత సీసాగా చూచుచు, వేళగాని వేళ ఈగలు వెలువడు సీసా కొరకు వెదకినాడు.

దొరికినది. ఒక వంశపు గడియారము 19 గంటలకే ఒక చుట్టు తిరిగినది. మరియొక వంశపు గడియారము 28 గంటలకు తిరిగినది. మూడవ వంశమునకు వేళయే లేదు. రాత్రియు పగలును దానికొక్కటే. మరల చెప్పుచున్నాను: ఒకటి తొందరపడునది, ఒకటి ఆలస్యము చేయునది, ఒకటి కాలమే తెలియనిది. ఈ మూడింటిని సంకరములు జేసి చూడగా, మూడు లోపములును ఒకే క్రోమోజోముపై, ఒకే తావున ఉన్నట్లు తేలినది. ఒక్క జన్యువే మూడు విధములుగా చెడి మూడు కాలములు చూపినది! కొనోప్కా, బెంజర్‌లు దీనిని 1971లో ప్రకటించినారు. ఈ కబురు విన్న మాక్స్ డెల్బ్రూక్ అను మహాపండితుడు అది అసంభవమన్నాడనియు, అసంభవమేమి, కనుగొనుట జరిగిపోయినది గదా అని బెంజర్ బదులు చెప్పినారనియు ఆ గదిలోనివారు చాలకాలము చెప్పుకొనెడివారు.

ఒక ఈగ వేళ తెలిసినంతమాత్రమున మనకేమి యని మీరు అడుగవచ్చును. యూటా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒక కుటుంబమును పరీక్షించినారు. ఆ ఇంటివారిలో కొందరు ప్రొద్దుగుంకిన కొంతసేపటికే నిద్రకు తూగుదురు; తెల్లవారకమున్నే మేల్కొందురు; ఎంత ప్రయత్నించినను మానుకొనలేరు. సోమరులనియు వింతమనుష్యులనియు అనిపించుకొన్న అట్టివారి జన్యువులను పరిశీలింపగా, కొనోప్కా ఈగలలో కనుగొన్న జన్యువునకు మనుష్యులలోని సోదర జన్యువులో ఒక చిన్న మార్పు కనబడినది. అది 2001 నాటి మాట. అంతకు ముప్పది యేండ్ల క్రిందట సీసాలలో ఒక విద్యార్థి చూచినది, ఒక కుటుంబమునకు తమ్ము తాము అర్థము చేసికొను మార్గమైనది.

ఇక చదువు సంగతి. ఈగ నేర్చుకొనునా? అంతకుమునుపు కొందరు ప్రయత్నించి విసిగినారు. బెంజర్ గదిలోని విలియం క్విన్ అను పరిశోధకుడు రెండు వాసనలు ఎన్నుకొన్నాడు. ఒక వాసన ఉన్న గొట్టములో అడుగిడిన ఈగలకు చిన్న విద్యుత్తు తాకిడి తగులును. రెండవ వాసన ఉన్న గొట్టములో ఏమియు తగులదు. పిమ్మట తాకిడి లేకుండ రెండు వాసనలును చూపి, ఏవి దేనిని తప్పించుకొనునో లెక్కించినాడు. ఈగలు నేర్చుకొన్నవి! తాకిడి తగిలిన వాసనకు దూరముగా నిలిచినవి. 1974లో ఆ వార్త వెలువడినది. రెండేండ్లకు, 1976లో, నేర్వని ఈగ ఒకటి దొరికినది. వాసన చూడగలదు, తాకిడికి బెదరగలదు, ఆ రెంటిని మాత్రము ముడిపెట్టి నిలుపుకొనలేదు. దానికి మందమతి యను అర్థమున డన్స్ అని పేరు పెట్టినారు. అది నేర్చినను నిమిషములలో మరచిపోవునని పిమ్మట తెలిసినది. దానిలో చెడిన జన్యువు, కణములలో ఒక సందేశవాహక రసాయనమును విరుగగొట్టు పనిముట్టును తయారుచేయునదని తేలినది. సముద్రపు నత్తలపై పనిచేయుచుండిన ఎరిక్ కాండెల్ అను శాస్త్రజ్ఞుడును జ్ఞాపకమునకు అదే సందేశవాహకము ఆధారమని కనుగొన్నాడు. ఈగ చెప్పినదియు నత్త చెప్పినదియు ఒక్కటే యగుట శాస్త్రములో అపురూపమైన ఘట్టము.

అయితే శ్రోతలారా, క్విన్ చూచిన మరియొక సంగతి మీరు తప్పక వినవలెను. ఒకే వంశపు మామూలు ఈగలలో కొన్ని పాఠము నేర్చినట్లు కనబడినవి, కొన్ని కనబడలేదు. నేర్చినవి తెలివిగలవనియు, నేర్వనివి తెలివితక్కువవనియు మనము వెంటనే తీర్పు చెప్పుదుము. క్విన్ తీర్పు చెప్పలేదు. ఆ రెండు గుంపులను వేరుచేసి, మరల పాఠము చెప్పి, మరల పరీక్షించినాడు. రెండు గుంపులును ఒక్కతీరుననే నేర్చినవి! మొదటిసారి తప్పినవానిలో కొన్ని రెండవసారి నేర్చినవి. మొదటిసారి గెలిచినవానిలో కొన్ని రెండవసారి తప్పినవి. ఒక్కసారి చూచి ప్రాణిపై ముద్ర వేయరాదని ఆ ఈగలు చెప్పినవి. జన్యువు పాత్రను వెదకుచు పోయినవారికే, జన్యువుతో తెగని ఊగిసలాట ఎదురుపడినది. దానిని వారు దాచలేదు, ప్రకటించినారు. వారిని నేను గౌరవించుటకు ఇది ముఖ్యమైన కారణము.

ఇప్పుడు మన ఒబైద్ సిద్దిఖీగారి మాట. ఆయన ఉత్తర ప్రదేశమున జన్మించి, అలీగఢ్‌లో చదివి, స్కాట్లండులోని గ్లాస్గోలో జన్యుశాస్త్రమున పట్టము పొంది, హోమీ భాభాగారి ఆహ్వానముపై 1962లో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చిలో అణుజీవశాస్త్ర శాఖను నెలకొల్పినవారు. పిమ్మట కాల్‌టెక్‌కు వెళ్లి బెంజర్‌తో కూడి పనిచేసినారు. వారు వెదకిన ఈగలు విచిత్రమైనవి. మామూలు వేడిమిలో చక్కగా తిరుగాడుచుండును. వేడిమి హెచ్చించినంతనే చచ్చినట్లు పడిపోవును. చల్లబరచినచో తేరుకొని లేచును. ఆ లేచుట పడుటలలో నరముల సందేశముల కీలు దాగియున్నది. వారి పరిశోధన 1976లో వెలువడినది. ఆ ఈగలలో ఒకదానివలన, నరము కొసనుండి సందేశము వెలువడుటకు కావలసిన యంత్రాంగములో ఒక భాగము తరువాతి కాలమున తెలిసినది.

సిద్దిఖీ ఆ విద్యను మూటగట్టుకొని బొంబాయికి తిరిగివచ్చినారు. కొలాబా సముద్రతీరమున ఈగల సీసాలు వెలసినవి. అచ్చటికి వెరోనికా రోడ్రిగ్స్ అను యువతి విద్యార్థినిగా వచ్చినది. గోవా కుటుంబమువారి బిడ్డ. పుట్టినది కెన్యా దేశమున, చదివినది ఐర్లండులోని డబ్లినున. ఈగ కాళ్లతో రుచి చూచును. తీపి తగిలినంతనే మూతి చాచును. ఆ రుచి తెలియని ఈగలను, వాసన తెలియని ఈగలను ఆమె వెదకి పట్టినది. ప్రాణి మెదడునకు బయటి లోకము ఎట్లు తెలియునో చెప్పు పరిశోధన మన దేశమున అట్లు నాటుకొన్నది. సిద్దిఖీ పిమ్మట బెంగళూరున నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ సంస్థను నెలకొల్పినారు. రోడ్రిగ్స్ అచ్చటను పనిచేసి ఎందరో శిష్యులను తయారుచేసినది. ఆమె 2010లో, ఆయన 2013లో కన్నుమూసినారు.

ఇంతవరకు మంచి కన్నును గూర్చి చెప్పినాను. చెడ్డ కన్నును గూర్చియు చెప్పుట నా విధి. బెంజర్ పనిచేసిన ఆ అమెరికా దేశముననే, 1910లో, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ అను చోట, మనుష్యుల వంశములను నమోదు చేయు ఒక కార్యాలయము వెలసినది. దాని ఉద్యోగులు ఇల్లిల్లు తిరిగి, కాగితములపై వంశవృక్షములు గీసి, ఈ ఇంటివారు మందబుద్ధులు, ఆ ఇంటివారు దుర్మార్గులు అని వ్రాసికొన్నారు. బీదతనమును, చదువు లేమిని, రోగమును వారు రక్తదోషముగా లెక్కించినారు. ఇట్టి భావముల బలముతో చట్టములు పుట్టినవి. 1927లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము అట్టి చట్టమును సమర్థింపగా, వేలకొలది నిస్సహాయులకు బలవంతముగా సంతానము లేకుండ చేసినారు. వారికిని ప్రవర్తన, వంశము అను మాటలే ఆధారము. భేదమెక్కడ? ఆ ఉద్యోగులు తీర్పు ముందు వ్రాసికొని పిమ్మట చూచినారు. పాసడీనాలోని యువకులు ముందు చూచి, మరల చూచి, తమ ఊహ తప్పైనచో దానిని విడిచినారు. శాస్త్రమునకును దుష్కృత్యమునకును నడుమ ఈ ఒక్క గీత యున్నది. ఓర్పుతో చూచు కన్ను లేనినాడు ఈ విద్య ఆయుధమగును.

చివరగా, కొనోప్కా ఏమైనాడో చెప్పవలెను. అతడు అధ్యాపకుడైనాడు, అయితే ప్రచురించిన పత్రములు చాలవని శాశ్వత పదవి ఈయలేదు, కొంతకాలమునకు పరిశోధనారంగమునుండియే తొలగిపోయినాడు. 2015లో మరణించినాడు. అతడు కనుగొన్న జన్యువునే చేతబట్టి దాని రహస్యములు విప్పిన జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అను ముగ్గురికి 2017లో నోబెల్ బహుమానము వచ్చినది. వారు అర్హులే, అందులో హాల్ ఆ గదిలోనే బెంజర్ వద్ద పనిచేసినవాడు. నోబెల్ బహుమానము గతించినవారికి ఈయరు. బెంజర్‌కును అది రాలేదు. ఆయన 2007లో, పనిచేయుచుండగనే, వృద్ధుడై గతించినారు. బహుమానముల జాబితాలో చేరని ఇట్టి పేర్లు ఇంకెన్నియో కలవు. జావ వండినవారివి, సీసాలు కడిగినవారివి, పండుగనాడు వచ్చి వంశములను మార్చిన వారివి. వారు లేనిదే ఆ ఈగలు లేవు. ఆ ఈగలు లేనిదే ఆ జన్యువు లేదు.

శ్రోతలారా, నేడో రేపో మీరు పత్రికలో చదువుదురు: కోపమునకు జన్యువు దొరికినదని, తెలివికి జన్యువు దొరికినదని, నేరమునకు జన్యువు దొరికినదని. అప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు. ఎవరిని చూచి చెప్పినారు? ఎట్టి పరిస్థితులలో ఉంచి చూచినారు? ఒక్కసారి చూచి చెప్పినారా, మరల చూచి చెప్పినారా? ఈ మూడింటికి బదులు లేని వార్తను నమ్మకుడు. దానిని బట్టి ఏ పిల్లవానికిని, ఏ ఇంటికిని, ఏ కులమునకును, ఏ జాతికిని ముద్ర వేయకుడు. బదులు ఉన్న వార్తను ఆదరించుడు. మీ ఇంటి బిడ్డ ఎవరైన సూక్ష్మదర్శిని ముందు కూర్చుండవలెనని కోరినచో, ఈగలతో పనియేమని పరిహసింపక, పంపుడు. నిదానముగా చూడనేర్చిన మనుష్యులు ఎంతమంది యుందురో, మనుష్యుని గూర్చి మనము చేయు తీర్పులు అంత న్యాయముగా నుండును.